ఒట్టు పెట్టని మనిషితో రేవు పాట

ఈ కింద రాసినదంతా నిజమని ఉప్పుటేటి పోటు మీద, మా అమ్మ పెట్టిన పేరు మీద, నోట్లో ఇంకా మిగిలి ఉన్న ఇరవై మూడు పళ్ళ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఒక్క మాట అబద్ధమైనా ఆ ఇరవై మూడూ రాలిపోవుగాక. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడికే నవ్వి కాగితం పక్కన పెడతారు. పెట్టుకోనివ్వండి. నేను రాసేది వాళ్ళకు కాదు, నా పనిలోకి కొత్తగా దిగుతున్న కుర్రవాళ్ళకు.

నా పని వేలంపాట పాడడం. పడవ రేవులు, సంతలో వసూలు చేసే ఆశీళ్ళు, చెరువు చేపలు, రోడ్డు పక్క చింతచెట్ల కాపు, ఇలాంటివన్నీ ఏటేటా గుత్తకిచ్చేది వేలంలోనే. డబ్బున్న ఆసామికి గుంపులో నిలబడి గొంతు చించుకోవడం నామోషీ. అందుకని ఆ అరిచే పని జీతమిచ్చి నాలాంటివాడికి అప్పగిస్తాడు. ఇరవై రెండేళ్ళు అరిచాను. నిరుడు గొంతు పోయింది, మానేశాను. నలభై తొమ్మిదేళ్ళకే విశ్రాంతి ఏమిటని మా ఇంటావిడ రోజూ అడుగుతూనే ఉంది.

పాడేవాడి పని ఆగడం

ఈ మధ్య కావలిలో కామర్సు చదివిన అబ్బాయిలు నా దగ్గరికి వస్తున్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. "వేలంలో ఎట్టా గెలవాలో చెప్పండి సార్" అంటారు. గెలవడానికి చదువెందుకు నాయనా? పక్కవాడు ఆగిన చోట ఇంకో పది రూపాయలు వేస్తే గెలుపే. గొంతున్న ఎద్దు కూడా గెలుస్తుంది. పదిమంది లెక్కలు తెలిసినవాళ్ళు ఇంతకు మించి కిట్టదని నోరు మూసుకున్న చోట నువ్వొక్కడివే నోరు తెరిచావంటే, వాళ్ళందరికీ తెలిసిందేదో నీకు తెలియలేదన్నమాట. పాడేవాడికి జీతం ఇచ్చేది ఆగాల్సిన చోట ఆగినందుకు.

నేను కొలువు చేసిన ఆసాముల్లో ఈ ముక్క తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన శకునం చూసి పాడించేవాడు. ఇంకొకాయన బావమరిది ఎంత పాడితే దానికి పైన పాడమనేవాడు, వస్తువేదో అడిగేవాడే కాదు. ఒకసారి ఎండిపోయిన చెరువులో చేపలు పాడి తెచ్చాం. వీళ్ళందరిలోకీ ప్రమాదకరమైనవాడు మాత్రం పుస్తకం చదివినవాడు. ఆయన సంగతే చెప్పబోతున్నాను.

చింతగింజల శాస్త్రం

పెంచలరెడ్డి గారు ముత్తుకూరు పక్కన మాగాణి ఉన్న ఆసామి. యాభైల చివర్లో ఒకసారి మద్రాసు వెళ్ళి, పాత పుస్తకాల అంగడిలో ఇంగ్లీషు పుస్తకమొకటి కొనుక్కొచ్చారు. ఆటల లెక్కల శాస్త్రమట. పేకాటైనా, యుద్ధమైనా, వ్యాపారమైనా ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే లెక్క కట్టి మన ఎత్తు వెయ్యడమట. మన పులిజూదం ఆడే ముసలాళ్ళు పొద్దుగూకులూ చేసేది అదే, కాకపోతే వాళ్ళకు అట్ట లేదు.

ఆయనకొక చెడుగుడు జట్టు ఉండేది. ఆ వేసవిలో పట్టపుపాళెం బెస్తవాళ్ళ జట్టుతో పోటీ పడింది. కూతకెళ్ళేవాడు ఎప్పుడూ ఒకే పక్కకు పోతే దొరికిపోతాడు, ఎటు పోతాడో వాడికే తెలియకూడదు, కాబట్టి గింజ వేసి తేల్చాలి అన్నది పుస్తకంలో మాట. మాట సరైనదే. పెంచలరెడ్డి గారు గీత పక్కన కుర్చీ వేయించుకుని, ఒకవైపు అరగదీసిన చింతగింజ ఎగరేసేవారు. తెల్లవైపు పడితే ఎడమ, నల్లవైపు పడితే కుడి. కూతకెళ్ళేవాడు ఆయన వైపు చూసేవాడు, ఆయన తల ఊపేవారు. రెండో కూతకల్లా పట్టపుపాళెం జట్టు మొత్తం మావాణ్ణి వదిలేసి ఆయన తల వైపే చూడడం మొదలుపెట్టింది.

"రెడ్డిగారూ, గింజ ఇట్టా ఇసరండి సామీ! మీకెందుకు శ్రమ, మేమే చూసి మీవోడికి చెప్తాం!" అని వాళ్ళ నాయకుడు కేకేశాడు.

ఆ తర్వాత తుండుగుడ్డ కింద గింజ వేసి చెవిలో చెప్పించారు. అప్పుడు మావాడు, ఎడమ మూల నలుగురు చేతులు చాచి నిలబడి ఉన్నా, చెప్పారు గదా అని తిన్నగా వాళ్ళ కౌగిట్లోకే వెళ్ళాడు. చిత్తుగా ఓడిపోయాం.

"శాస్త్రం కరెక్టే రాఘవయ్యా," అన్నారు పెంచలరెడ్డి గారు కుర్చీ మడతపెట్టిస్తూ. "మనుషులే తప్పు."

ఈ మాట అన్న యజమాని దగ్గర ఒక్కరోజు కూడా ఉండకండి. నేను నాలుగేళ్ళు ఉన్నాను.

కర్పూరం

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు. ఒకే పొద్దున మూడు గుత్తలు వేలానికి వచ్చాయి. మొదట ఉప్పుటేటి రేవు, తర్వాత రోడ్డు పక్క చింతచెట్లు, ఆఖర్న సంత ఆశీలు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

ఆశీలు మాకు కావాలి. చింతచెట్లు కోటయ్యకు కావాలి. కోటయ్య చింతపండు వర్తకుడు, మాట తియ్యన, సరుకు పుల్లన. రేవు దేవసహాయానికి కావాలి. కావాలి అనడం కూడా తక్కువే. వాళ్ళ నాయన అదే రేవులో కూలికి తెడ్డు వేసిన మనిషి. దేవసహాయం మూడు పడవలు చేయించుకున్నాడు. ఏటి పోటుకు తట్టుకునేలా మందపు చెక్కతో కట్టిన బరువు పడవలు అవి. ఆ రేవులో తప్ప ఇంకెక్కడా పనికిరావు. వాటి మీద ఆరుగురు పడవవాళ్ళు, ఆరు కుటుంబాలు బతికేవి. రేవు పోతే ఆ పడవలు పొయ్యిలోకే. అవతలి గట్టు పాళెంలో వాళ్ళ ప్రార్థన మందిరానికి ఆయనే పెద్ద. తక్కువ మాట్లాడేవాడు. తక్కువ మాట్లాడేవాణ్ణి చూస్తే మా ఆసాములకు అనుమానం.

వేలానికి ముందురోజు పొద్దున ముగ్గురూ మా వడ్లకొట్టు దగ్గర కలిశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"మనలో మనం కొట్టుకోని సర్కారుకి పెట్టేదెందుకు రెడ్డా?" అన్నాడు కోటయ్య. "ఎవురిది వాళ్ళు పాడుకుందాం. ఒకరిదాని జోలికి ఇంకొకరు పోవద్దు."

తప్పుడు పనే. ప్రతి ఏడూ ప్రతి ఊళ్ళోనూ జరిగేదే. ముగ్గురూ సరేనన్నారు. అలాంటి ఒప్పందాలకు కాగితం ఉండదు కాబట్టి అమ్మవారి గుడికి వెళ్ళి, వెలిగించిన కర్పూరం అరచేత్తో ఆర్పి ఒట్టు పెట్టాలి. పెంచలరెడ్డి గారు ఆర్పారు. కోటయ్య ఆర్పాడు. దేవసహాయం వంతు వచ్చింది. ఆయన గుడి బయటే నిలబడి ఉన్నాడు.

"నేను ఒట్టెయ్యనయ్యా," అన్నాడు.

"ఏం? మా అమ్మోరి ముందు ఎయ్యవా? అట్టయితే మీ దేవుడి మీద ఎయ్యి," అన్నారు పెంచలరెడ్డి గారు.

"ఆయన మీద అసలే ఎయ్యకూడదు. ఒట్టే పెట్టుకోవద్దన్నాడు మాకు. చింతచెట్లు పాడను, ఆశీలు పాడను అన్నా గదా సామీ. పాడనంటే పాడను."

"నోటి మాటకేముంది దేవసాయం, గాలికి పొయ్యేది," అన్నాడు కోటయ్య. "ఆరిపేదానికి కర్పూరమన్నా ఉండాల గదా?"

"ఆరిపితే ఆరిపొయ్యేదే గదన్నా అది."

కోటయ్య నవ్వాడు. పెంచలరెడ్డి గారు నవ్వలేదు.

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. నా సర్వీసులో ముప్పై నలభై కర్పూరాలు చూశాను. ఆర్పినవాడు వేలం దాకా మాట మీద నిలబడింది ఒక్కసారీ లేదు. అరచెయ్యి తడుపుకుని ఆర్పితే ఒట్టు అంటదని ఒకడు, మనసులో 'ఇవాళ్టికి' అనుకుని ఆర్పితే రేపటికి చెల్లదని ఇంకొకడు. ఇవన్నీ తెలిసి కూడా అందరికందరూ ఆర్పినవాణ్ణే నమ్ముతారు. ఆర్పనివాణ్ణి చూసి, 'వీడు తలుపు తెరిచి పెట్టుకున్నాడు' అనుకుంటారు. తలుపే లేని ఇల్లు వాళ్ళెవరూ చూసి ఉండరు.

నాలుగు గళ్ళు

ఆ మధ్యాహ్నం పెంచలరెడ్డి గారు వసారాలో గచ్చు మీద బొగ్గుతో నాలుగు గళ్ళు గీశారు. వాడు మాట నిలుపుకుని మనం నిలుపుకుంటే ఒక గడి. వాడు నిలుపుకుని మనం తప్పితే ఒకటి. ఇలా నాలుగు.

"చూడు రాఘవయ్యా. రేవు ముందు, ఆశీలు ఆఖర. రేవు చేతికొచ్చినాక దేవసాయానికి ఇంక మనతో పనేముంది? ఒట్టు లేదు. ఆశీలు గూడా పాడి లాక్కుంటే వాణ్ణి అడిగేదెవురు?"

"కోటయ్య సంగతేంది సామీ?"

"కోటయ్య కర్పూరం ఆరిపినాడు గదయ్యా. కళ్ళు పోతాయనే భయం ఉంటది."

ఇంతటి శాస్త్రమూ చివరికి వచ్చి వాలింది కోటయ్య కళ్ళ మీద. ఆయన ఎత్తు ఇదీ. రేవు ముందు మేమే పాడేస్తాం. అది మా గుప్పిట్లో ఉంటే దేవసహాయం ఆశీలు జోలికి రాడు. వేలం ముగిశాక కాస్త లాభం వేసుకుని రేవు ఆయనకే తిరిగి ఇచ్చేస్తాం. ఏ గడిలో నిలబడి చూసినా ముందు తప్పినవాడిదే లాభమని పుస్తకం తేల్చింది.

"నువ్వేమంటావు?" అని అడిగారు.

"అంతే సామీ," అన్నాను. జీతం తినే నోరు అంతకంటే ఏమంటుంది?

మూడుసార్లు

మర్నాడు పదిగంటలకు ఆఫీసు ముందు బల్ల వేశారు. దాని మీద గంట. యాభై అరవైమంది జనం. అధికారి గొంతు సవరించుకుని రేవు గుత్త అన్నాడు, సర్కారీ పాట, అంటే మొదలుపెట్టాల్సిన ధర, చదివాడు. దేవసహాయం దాని మీద పది రూపాయలు వేశాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని ఉన్నాడు, పని అయిపోయినట్టే.

"ఒకటోసారి."

ఎవరూ పలకలేదు.

"రెండోసారి."

పెంచలరెడ్డి గారి మోచెయ్యి నా డొక్కలో తగిలింది. యజమాని మోచేతికి అర్థం ఏమిటో పాడేవాడికి వేరే చెప్పనక్కర్లేదు. చెయ్యెత్తి పాడాను.

దేవసహాయం నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. నేనేదో పొరబాటు పడ్డాననుకున్నాడు. నా పరువు పోకుండా చిన్న గొంతుతో, "అన్నా, ఇది రేవు. ఆశీలు కాదు," అన్నాడు.

"తెలుసు," అన్నాను.

ఆయన మొహం చూడకుండా ఉండడం నాకు అలవాటైన విద్యే. గొంతుముడి ఒక్కటే చూస్తాను. ఆయన పెంచాడు. నేను పెంచాను. మళ్ళీ ఆయన, మళ్ళీ నేను. ఏడాదంతా రేవు సంపాదించేదానికి మించి పోయాం. అక్కడ ఆయన ఆగాడు. ఆగాల్సిన చోట ఆగాడు. ఆ రోజు మొత్తం మీద నా వృత్తి సరిగ్గా చేసినవాడు ఆయనొక్కడే.

"మూడోసారి." గంట కొట్టారు.

చింతచెట్లు కోటయ్య సర్కారీ పాటకే పాడుకున్నాడు. ఆశీలు వచ్చింది. నేను పాడాను. వెనకనుంచి ఇంకో పాట వినిపించింది. పెంచలరెడ్డి గారు గిర్రున దేవసహాయం వైపు తిరిగారు. 'చెప్పలేదా?' అన్న వెలుగు ఆయన మొహంలో. దేవసహాయం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవి కదల్లేదు. పాడింది కోటయ్య.

"ఏం కోటయ్యా, ఒట్టు?" అన్నారు మా ఆసామి.

"ముందు తప్పింది నువ్వే గదా రెడ్డా. తప్పినోడి దగ్గర ఒట్టు చెల్లదు. శాస్త్రం తెలిసినోడివి, నీకు నేను చెప్పాల్నా?"

మా డబ్బంతా రేవు కోసం ముందుగా కట్టిన ధరావతులో ఇరుక్కుంది. రెండు పాటలకే చేతులెత్తేశాం. కోటయ్య ఏ పుస్తకమూ చదవకుండానే ఇదంతా ముందే కట్టి ఉంచుకున్నాడు. ఆయన కళ్ళు ఈనాటికీ బాగానే పనిచేస్తున్నాయి, అద్దాలు కూడా లేవు.

జనం చెదిరాక దేవసహాయం దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడగొద్దు.

"నీ దగ్గర ధరావతు డబ్బు ఉన్నింది గదా. ఆశీలు పాడి కక్ష తీర్చుకోనుండొచ్చు గదా?"

"పాడనన్నా గదన్నా."

"వాళ్ళు తప్పినారు గదయ్యా!"

"వాళ్ళ మాట వాళ్ళు తప్పినారు. నా మాట నా కాడనే ఉండాది."

కామర్సు చదివినవాళ్ళారా, ఈ మనిషిని ఏ గడిలో పెడతారు? ఐదో గడి గీయాలి. పుస్తకంలో దానికి చోటు లేదు.

పడవలు లేని రేవు

ఇప్పుడు మాకు రేవు ఉంది, పడవ లేదు. దేవసహాయానికి పడవలు ఉన్నాయి, రేవు లేదు. 'రెండు రోజుల్లో కాళ్ళ మీద పడతాడు' అన్నారు పెంచలరెడ్డి గారు. వారం ఆగి నన్నే పంపారు.

"రేవు ఇచ్చేస్తామంటున్నారు రెడ్డిగారు. పాడిన ధరకు కొంచెం పైన," అన్నాను.

"నేను పాడింది నాకు రాలేదు. మీరు పాడుకున్నది మీరు నడుపుకోండి."

"పోనీ పడవలన్నా అద్దెకియ్యి."

"అద్దెకియ్యను. ఎక్కే జనాన్ని ఆపను."

ఆపలేదు. గుత్త మాది గనక ఆయన డబ్బు పుచ్చుకోకూడదు. అందుకని ఊరికే దాటించడం మొదలుపెట్టాడు. కోతకూలీలు, చేపల గంపల ఆడవాళ్ళు, ఆస్పత్రికి పొయ్యే జబ్బుమనుషులు, అందరూ ఊరికే. మేం రేవులో వసూళ్ళ రేకుపెట్టె పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మమ్మల్ని దాటుకుని పోయి ఆయన పడవ ఎక్కేవాళ్ళు. ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు చేశాం. మీ పడవ ఎక్కినవాడి దగ్గరే వసూలు చేసుకోండి, ఎక్కనివాడి దగ్గర వసూలు చేసే హక్కు గుత్త కాగితంలో లేదని చెప్పి పంపేశారు.

అప్పుడు పెంచలరెడ్డి గారు బకింగ్‌హాం కాలువ నుంచి రెండు పడవలు బాడుగకు తెప్పించారు. కదలని నీళ్ళలో సరుగుడు కట్టెలు మోసే పడవలు అవి. అడుగు చదును, గడ వేసి తోయాలి, లేదా గట్టు మీద తాడు పట్టి లాగాలి. ఏటికి ఆటూపోటూ ఉంటుందని ఆ పడవలకు ఎవరూ చెప్పలేదు. మొదటి ప్రయాణానికి ఆయనే ముహూర్తం పెట్టించుకుని ఎక్కారు. ఆయన, నేను, రేకుపెట్టె, ఒక మంగలి, రెండు మేకలు. ఏటి నడుమకు పోయాక గడకు అడుగు అందలేదు. అదే సమయానికి ఆటు మొదలైంది. పడవ అడ్డం తిరిగి, ఏరు సముద్రంలో కలిసే మొగకు తిన్నగా బయలుదేరింది.

"సామీ, మిమ్మల్ని ఆ రేవులో దించాల్నా, అండమాన్లో దించాల్నా?" అని అడిగాడు మంగలి.

ఒక మేక దూకేసి ఈది గట్టెక్కింది. మా అందరిలోకీ లెక్క తెలిసింది దానికే. మొగ దగ్గర ఇసుకతిన్నె దాటబోతుండగా దేవసహాయం మనుషులు నలుగురు తెడ్లు వేసుకుంటూ వచ్చి తాడు విసిరారు. గట్టు చేరాక పెంచలరెడ్డి గారు తడిసిన పంచె పిండుకుంటూ, "ఎంతయింది?" అన్నారు.

"రేవు మీది గదా సామీ, మేం పుచ్చుకోకూడదు," అన్నాడు దేవసహాయం.

ఆ తర్వాత మా ఆసామి రేవు వైపు రాలేదు. కాలువ పడవలు వెనక్కి పోయాయి.

గుమ్మడికాయ

ఊరికే దాటించేవాడు ఏం తిని బతుకుతాడు? నాలుగు నెలలకు దేవసహాయం పెద్ద పడవ అమ్మేశాడు. కొన్నవాళ్ళు దాన్ని చెక్కలుగా విప్పి బండ్ల మీద తీసుకుపోయారు. ఆరుగురు పడవవాళ్ళలో ఇద్దరు మాగాణి కూలికి పోయారు. ఆ చెక్కలు బండి ఎక్కిన రోజు నేను రేవులోనే రేకుపెట్టె పక్కన ఉన్నాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

వరికోతలైన ఆదివారం వాళ్ళ మందిరంలో కోత పండగ. పండిందాంట్లో కొంత తెచ్చి దేవుడి ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. వేలమని వినబడితే ఆగలేను, వెళ్ళాను. మందిరం వాళ్ళే కాదు, ఇన్ని నెలలుగా ఊరికే ఏరు దాటిన మా గట్టు రైతులు కూడా బస్తాలు మోసుకొచ్చి ఉన్నారు. గుమ్మడికాయ ఒకటి వేలానికి పెట్టారు. పోటీ లేకపోయినా ఒక రైతు తన పాట మీద తనే రెండుసార్లు పెంచాడు. ఓడిపోవడానికి పోటీపడే వేలం నా జన్మలో అదొక్కటే చూశాను. వచ్చినదాంట్లో పెద్దలు మొదట తీసింది మిగిలిన నలుగురు పడవవాళ్ళ తిండిగింజలకు.

నేనూ చెయ్యెత్తాను. గుమ్మడికాయ నాకే వచ్చింది. దాని ధరకు మేకపిల్ల వచ్చేది.

దేవసహాయం దాన్ని నా చేతుల్లో పెడుతూ, "నీ చెయ్యి యాడైనా పైకే లేస్తది గదన్నా," అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. అందుకే ఇన్నేళ్ళకూ గుచ్చుకుంటోంది.

మరుసటి ఏడు, ఒప్పుకోలు

మరుసటి ఏడు అదే బల్ల, అదే గంట. రేవు గుత్త అన్నారు. దేవసహాయం సర్కారీ పాట మీద పది వేశాడు. మూడుసార్లూ చెప్పారు. ఒక్కడూ నోరు తెరవలేదు. ఒప్పందం లేదు, కర్పూరం లేదు. రెండు పడవలతో రేవు ఆయన చేతికొచ్చింది. మూడో పడవ మళ్ళీ చేయించుకోవడానికి ఏళ్ళు పట్టింది.

కుర్రవాళ్ళకు నేను చెప్పాల్సింది ఇక్కడితో అయిపోయింది. పెంచలరెడ్డి గారిలా పుస్తకం నమ్మి మనిషిని పోగొట్టుకోకండి అని ముగించాలి. ఇరవై మూడు పళ్ళ మీద ఒట్టు పెట్టాను కాబట్టి అలా ముగించడం కుదరడం లేదు.

మీరు ఏది కల్పన అనుకుంటున్నారో నాకు తెలుసు. చింతగింజ నిజం. ఈదిన మేక నిజం. తన పాట మీద తనే పెంచిన రైతు నిజం, కావాలంటే పేరు చెబుతాను. నేను కల్పించింది ఒక్కటే, మీరు అనుమానం కూడా పడని చోట.

గళ్ళు గీసింది పెంచలరెడ్డి గారే. రేవు పాడమన్నదీ ముందురోజు ఆయనే. కానీ వేలం దగ్గర, "రెండోసారి" అన్నప్పుడు నా డొక్కలో తగిలిన ఆ మోచెయ్యి పాడమని కాదు. దేవసహాయం తలపాగా చంకలో పెట్టుకుని నిలబడ్డ తీరు చూసి ఆయన నా వైపు వంగి, "వద్దు రాఘవయ్యా, పోనీలే, వదిలెయ్యి," అన్నారు. స్పష్టంగా విన్నాను. విని చెయ్యెత్తాను. చుట్టూ అరవైమంది, గంట మోగబోతోంది, నోరు తెరిస్తే గెలుపు నాది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎదుటివాడు పూర్తిగా నమ్మి నిలబడిన వేలం నాకు అదొక్కటే దొరికింది. వదల్లేకపోయాను. తన మనిషి నోరు జనం ముందు తానే మూయించడం నామోషీ అనుకుని ఆయన ఆ తర్వాత మాట్లాడలేదు. ఆ ఏడాదంతా ఊరు ఆయన్ని చూసి నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా, ప్రతి కాఫీ హోటల్లోనూ. ఆయన ఒక్కసారి కూడా, 'పాడింది వీడు' అని చెప్పలేదు.

దేవసహాయానికి ఈ సంగతి తెలియదు. ఇది అచ్చయి వచ్చాక మొదటి ప్రతి ఆయనకే ఇవ్వాలి. అవతలి గట్టుకు పోవాలంటే ఆయన పడవే ఎక్కాలి. ఏటి నడుమ చెప్పేంత ధైర్యం నాకు లేదు. దాటించినందుకు డబ్బు ఆయన చేతిలో పెట్టి, నేల మీద రెండు కాళ్ళూ ఆనించుకుని, అప్పుడు చెబుతాను.